బ్యాంకాక్‌లో అమ్మానాన్నలతో మొదటి మూడు రోజులు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్ నుంచి రాత్రి ఫ్లైట్, తెల్లవారి 6 గంటలకు సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగుతారు. వెంట 67 ఏళ్ల నాన్నగారు, గుడ్డు కూడా ముట్టని అమ్మగారు. ముగ్గురికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం, ఉండేది ఐదు రోజులు. దిగిన రోజే గ్రాండ్ ప్యాలెస్, రెండో రోజు ఫ్లోటింగ్ మార్కెట్, మూడో రోజు సఫారీ అని ఏజెంటు రాసిచ్చిన ప్లాన్ సరిపోతుందా, మోసాలు ఎక్కువంట కదా, అమ్మ ఏం తింటుంది అని అడిగారు. నేను 11 ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. మా అమ్మానాన్నలు, అత్తగారు, వాళ్ల చుట్టాలు, స్నేహితులు ఎవరొచ్చినా తిప్పి చూపించేది నేనే. వాళ్లతో తిరిగి నేర్చుకున్నదే రాస్తున్నాను. కొంచెం పెద్ద జవాబు, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ప్లాన్‌లో మొదటి రోజుని కొట్టేయండి. రాత్రంతా కూర్చుని, నిద్ర లేకుండా దిగిన పెద్దవాళ్లని పది గంటలకల్లా ఎండలో నిలబెడితే వాళ్లు ఆ ఒక్క రోజుతోనే నీరసించిపోతారు. మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు నేను చేసిన తప్పు ఇదే. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఒక గుడి మెట్ల మీద కూర్చుండిపోయి 'ఇంక నా వల్ల కాదమ్మా' అన్నారు. పెదాలు ఎండిపోయాయి, చేతులు చల్లబడ్డాయి. కొబ్బరినీళ్లు తాగించి, ట్యాక్సీ ఎక్కించి గదికి చేర్చేసరికి నా ప్రాణం నా దగ్గర లేదు. ఆ తర్వాత ఉన్న నాలుగు రోజులూ ఆయన బయటికి రావడానికే జంకారు. ఇక్కడి ఎండ మన రోహిణి కార్తెలా మాడ్చదు, ఉక్కతో పిండేస్తుంది. ఒంటి మీద చెమట ఆరదు. మచిలీపట్నం, కాకినాడ వైపు వాళ్లకి ఆ ఉక్క అలవాటే గానీ హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి కొత్త.

అందుకని నేను ఎవరొచ్చినా ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున 7 నుంచి 11 దాకా బయట తిరగడం, 11 నుంచి 4 దాకా ఏదో ఒక ఏసీ కింద ఉండటం, మళ్లీ సాయంత్రం బయటికి రావడం. రోజుకి ఒక్కటే పెద్ద చోటు. ఫ్లోటింగ్ మార్కెట్ అని మీ ఏజెంటు రాసింది బహుశా దామ్నోన్ సదువక్ అయ్యుంటుంది. అది ఊరికి 100 కిలోమీటర్ల దూరం, పోను రాను సగం రోజు వ్యానులోనే గడిచిపోతుంది. పెద్దవాళ్లతో అయితే నేను తీసుకెళ్లను. సఫారీ సంగతి మీ ఇష్టం.

బయల్దేరే ముందు పని ఒకటుంది. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డ్ అని ఆన్‌లైన్‌లో నింపాలి. దిగే రోజుకి మూడు రోజుల లోపు మాత్రమే నింపనిస్తారు. పూర్తిగా ఉచితం. గూగుల్‌లో వెతికితే డబ్బులు అడిగే సైట్లు కూడా కనిపిస్తాయి, అవి ప్రభుత్వానివి కావు. ముగ్గురివీ నింపి, ప్రింట్ తీసి పెట్టుకోండి. పెద్దవాళ్లకి ఫోన్‌లో క్యూఆర్ కోడ్ వెతుక్కోవడం కంటే చేతిలో కాగితం ఉంటే ధైర్యం. మన పాస్‌పోర్టుకి వీసా లేకుండా రానివ్వడం 2023 నవంబరులో మొదలుపెట్టారు. తర్వాత ఆ నియమాలు మారుతూ వచ్చాయి కాబట్టి టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం సైట్ ఒకసారి చూసుకోండి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు అమ్మగారి దగ్గర ఒక సెట్టు, నాన్నగారి దగ్గర ఒక సెట్టు విడివిడిగా ఉంచండి. ఇమిగ్రేషన్ లైన్లో ఎవరు ముందు వెళ్లినా ఇబ్బంది ఉండదు.

దిగాక తొందరపడొద్దు. ఇక్కడి టైము మనకంటే గంటన్నర ముందు, ఫోన్లో మారిందో లేదో చూసుకోండి. సిమ్ ఎయిర్‌పోర్టులోనే తీసుకోండి, పాస్‌పోర్టు చూపిస్తే పది నిమిషాల్లో వాళ్లే వేసిస్తారు. డబ్బు బాత్‌ల్లోకి (ఇక్కడి కరెన్సీ) మార్చుకోవడం మాత్రం బ్యాగులు తీసుకున్న చోట వద్దు. కింద బేస్‌మెంట్‌లో రైలు స్టేషన్ దగ్గర మనీ ఛేంజర్ల వరస ఉంటుంది, అక్కడ రేటు పై అంతస్తుల కంటే బాగుంటుంది. రూపాయలిస్తే రేటు తగ్గిస్తారు. మడతలు, మరకలు లేని డాలర్ నోట్లు తెచ్చుకుంటే మేలు. ఏటీఎంలో మన కార్డు పెడితే తీసిన ప్రతిసారీ 220 బాత్‌లో, ఇంకా ఎక్కువో రుసుం పడుతుంది. అందుకని వెయ్యి, రెండు వేలు తీస్తూ ఉంటే నష్టం. కార్డు గీసినప్పుడు మెషీన్ 'రూపాయల్లోనా, బాత్‌లలోనా' అని అడుగుతుంది. ఎప్పుడూ బాతే నొక్కండి. రూపాయి నొక్కితే వాళ్ల రేటు వేసుకుంటారు.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి రైలుంది. ఫయా థాయ్ స్టేషన్ దాకా 45 బాత్‌లు, అరగంటలోపే. ఒంటరిగా వచ్చే కుర్రవాడికైతే కళ్లు మూసుకుని అదే చెప్తాను. మీరు మాత్రం ట్యాక్సీ ఎక్కండి. ఏడు గంటలకి ఆ రైల్లో ఆఫీసులకి వెళ్లేవాళ్లు కిక్కిరిసి ఉంటారు, సూట్‌కేసులతో పెద్దవాళ్లు నిలబడటం కష్టం. ట్యాక్సీలు కింది అంతస్తులో, బయట. అక్కడ మెషీన్‌లో బటన్ నొక్కితే చీటీ వస్తుంది, దాని మీద ఉన్న నంబరు లైన్లోకి వెళ్తే బండి ఉంటుంది. ఆ చీటీలో డ్రైవర్ వివరాలు, బండి నంబరు ఉంటాయి. అది డ్రైవర్‌కి ఇచ్చేయకుండా మీ దగ్గరే పెట్టుకోండి. సామాను ఏదైనా మర్చిపోతే దాన్ని బట్టే వెతకగలరు. మీటరు 35 బాత్‌లతో మొదలవుతుంది, పెద్ద బండికి ఇంకొంచెం ఎక్కువ. ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కినందుకు ఇంకో 50, పైన ఎక్స్‌ప్రెస్‌వే టోల్ మనదే. అంతా కలిపి ఊరి మధ్యకి సుమారు 350 నుంచి 450 మధ్యలో తేలుతుంది. లోపల గేటు దగ్గరే 'ట్యాక్సీ, ట్యాక్సీ' అంటూ మీ వెంటపడేవాళ్లతో మాట కలపకండి. ఊళ్లో ఎక్కడైనా ట్యాక్సీవాడు మీటరు వేయనంటే వాదన అక్కర్లేదు, తలుపు వేసేసి ఇంకోటి ఆపండి. లేదంటే గ్రాబ్, బోల్ట్ యాప్‌లు ఉన్నాయి. ధర ముందే కనిపిస్తుంది, ఎక్కడికి వెళ్లాలో నోటితో చెప్పాల్సిన పని ఉండదు.

హోటల్ ఇంకా బుక్ చేయలేదన్నారు. చాలా మంచిది, ఎందుకంటే ఈ ప్రయాణం ఎలా సాగుతుందో సగం అక్కడే తేలిపోతుంది. ఇక్కడి ట్రాఫిక్‌లో రెండు కిలోమీటర్లకి ముప్పావు గంట పట్టిన సాయంత్రాలు నాకు బోలెడు. అందుకని గది ఎంత బాగుందో, స్విమ్మింగ్ పూల్ ఉందో లేదో కాదు, బీటీఎస్ గానీ ఎంఆర్‌టీ గానీ ఏదో ఒక స్టేషన్‌కి 300 మీటర్ల లోపు ఉందో లేదో చూడండి. బీటీఎస్ అంటే స్తంభాల మీద వెళ్లే స్కైట్రైన్, 1999 డిసెంబరు 5న మొదలైంది. ఎంఆర్‌టీ 2004లో వచ్చింది, ఊరి మధ్యలో భూమి కింద నడుస్తుంది. మనవాళ్లంతా ప్రతూనామ్‌లో దిగుతారు. అక్కడ భోజనం, బట్టల షాపింగ్ బాగానే ఉంటాయి గానీ స్టేషన్‌కి పావుగంట నడక, ఆ ఫుట్‌పాత్‌ల మీద బళ్లు, గోతులు. నానా దగ్గర కూడా ఇండియన్ హోటళ్లు చాలా ఉన్నాయి, కానీ రాత్రయితే ఆ చుట్టుపక్కల వాతావరణం అమ్మానాన్నలతో నడిచేలా ఉండదు. నన్నడిగితే రాజదేవి, ఫయా థాయ్ వైపు గానీ, సీలోమ్‌లో గానీ చూడమంటాను. సీలోమ్ అయితే అమ్మవారి గుడి దగ్గర, చుట్టూ దక్షిణాది భోజనం దొరుకుతుంది.

రాజదేవి అని నేను రాసింది చూసి ఆశ్చర్యపోవద్దు. స్టేషన్ బోర్డు మీద ఇంగ్లిష్‌లో రచ్చథేవి అన్నట్టు కనిపిస్తుంది, కానీ మాట మన రాజదేవే. ఫెట్చబురి అంటే వజ్రపురి. ఇత్సరఫాప్ అని ఒక స్టేషన్, అది ఈశ్వరభావం, వాళ్ల భాషలో స్వాతంత్ర్యం అని అర్థం. సువర్ణభూమిని వాళ్లు 'సువన్నపూమ్' అంటారు. రాతలో అక్షరాలన్నీ ఉంటాయి, పలకడంలో చివర్లు మింగేస్తారు. ఆహారాన్ని 'ఆహాన్' అంటారు. పలకరింపుగా వాళ్లనే సవాదీ కూడా స్వస్తి నుంచి వచ్చిందే. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా నీళ్లు చల్లుకుంటూ చేసుకునే సోంగ్‌క్రాన్ పండగ పేరు మన సంక్రాంతి నుంచే. మా అత్తగారు ఇది పట్టుకున్నాక రైల్లో స్టేషన్ వస్తే చాలు, బోర్డు చదివి 'ఇది మన మాటేనా?' అని అడుగుతూ కూర్చునేవారు. భాష రాని చోటికి వచ్చామన్న బెరుకు ఆవిడకి రెండో రోజుకే పోయింది. మీ అమ్మగారికి కూడా ముందే చెప్పి ఉంచండి.

దిగిన రోజు హోటల్‌లో గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు. కొంచెం ఎక్కువ కట్టి పొద్దున్నే గది ఇచ్చేలా ముందే మాట్లాడుకోండి. ఐదు రోజుల ట్రిప్పులో డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే అని నా అభిప్రాయం. స్నానం చేసి, తిని, మధ్యాహ్నం దాకా పడుకోనివ్వండి. సాయంత్రం నాలుగున్నరకి లేచి మీ స్టేషన్‌కి నడవండి. ఆ రోజు రైలెక్కడం నేర్చుకోవడమే పని అనుకోండి. అన్ని వైపులా లిఫ్ట్ ఉండదు, మీ స్టేషన్‌లో అది ఏ మూల ఉందో వెతికి పెట్టుకోండి. టికెట్ మెషీన్ దగ్గర తడబడినా కౌంటర్‌లో అమ్మాయిలు చిల్లర మార్చి, చూపిస్తారు. బీటీఎస్ టికెట్ ఎంఆర్‌టీలో పనిచేయదు, రెండూ వేరు. ఎంఆర్‌టీలో అయితే కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్ గేటు దగ్గర ఆనిస్తే సరిపోతుంది, ఒక్కో మనిషికి ఒక్కో కార్డు కావాలి. బయట ఎంత ఉక్కగా ఉంటుందో రైల్లో అంత చలి. అమ్మగారికి ఒక శాలువా సంచిలో ఉంచండి.

ఆ సాయంత్రం సరిగ్గా ఆరింటికి మీరు స్టేషన్‌లో ఉంటే ఒకటి చూస్తారు. స్పీకర్లలో వాళ్ల జాతీయగీతం వస్తుంది. అప్పటిదాకా పరిగెడుతున్న జనం ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోతారు. మెట్ల మధ్యలో ఉన్నవాళ్లు మెట్ల మధ్యలోనే, చేతిలో టీ కప్పు ఉన్నవాళ్లు కప్పు కిందికి దించి, స్కూల్ పిల్లలు సంచీలు సర్దుకుని. ఒక నిమిషం రైలు చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. పాట అయిపోగానే అందరూ ఒక్కసారే కదులుతారు. పొద్దున ఎనిమిదింటికి కూడా ఇంతే. మీరూ ఆగి నిలబడండి. రాజుగారి గురించి, ఆ కుటుంబం గురించి సరదాకైనా ఏమీ అనొద్దు, ఆన్‌లైన్‌లో రాయొద్దు. ఇక్కడ చట్టం చాలా కఠినం, జనానికి కూడా అది మనసుకి సంబంధించిన విషయం.

ఓపిక ఉంటే ఆ రోజు సీలోమ్‌లో మహా మారియమ్మన్ గుడికి వెళ్లండి. 19వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన తమిళులు కట్టుకున్నది. ఊళ్లోవాళ్లు 'వాట్ ఖేక్' అంటారు (వాట్ అంటే గుడి), ట్యాక్సీవాడికి ఆ పేరే చెప్పాలి. గోపురం చూడగానే అమ్మగారి మొహం మారుతుంది చూడండి. మనకంటే థాయ్ వాళ్లే ఎక్కువ కనిపిస్తారు. బంతిపూలు, కొబ్బరికాయలు పెట్టిన పళ్లాలు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని మొక్కుతుంటారు. లోపల ఫోటోలు తీయనివ్వరు.

ఇక తిండి. మీ ప్రశ్నలో అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది ఇదే, ఎందుకంటే ఇక్కడ 'వెజ్' అంటే మనం అనుకునేది కాదు. 'మాంసం వద్దు' అంటే ముక్కలు తీసేసి ఇస్తారు, పాపం మర్యాదగానే. కానీ నామ్ ప్లా అని చేపల నుంచి తీసే పల్చటి ఉప్పు ద్రావకం దాదాపు ప్రతి కూరలో, వేపుడులో పడుతుంది. మనకి ఉప్పు ఎలాగో వాళ్లకి అది అలాగ. కూరల ముద్దల్లో రొయ్యల పేస్టు నూరి ఉంటుంది, రెడ్ కర్రీ, గ్రీన్ కర్రీ ఏదైనా సరే. కాబట్టి నేర్చుకోవాల్సిన మాట 'జే'. మాంసం, చేప, గుడ్డు, పాలు, ఆఖరికి ఉల్లి, వెల్లుల్లి కూడా లేని వంట అది. చైనా నుంచి వచ్చినవాళ్ల బౌద్ధ ఆచారం. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలు కట్టి ఉంటాయి. చదవడం రాకపోయినా పర్లేదు, ఆ అక్షరాలు చూడటానికి అచ్చం 17 అంకెలా ఉంటాయి. కొట్లో ప్యాకెట్ల మీద కూడా అదే గుర్తు. 'మంగ్సవిరాట్' అని ఇంకో మాట వింటారు. అది మన మాంసవిరతే, కానీ అందులో గుడ్డు ఉండొచ్చు. అమ్మగారికి జే అనే చెప్పండి. 'కిన్ జే' అంటే జే తింటాను అని.

ఇంకో పని చేయండి. హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగి ఒక కాగితం మీద థాయ్‌లో రాయించుకోండి: చేప, రొయ్య, మాంసం, గుడ్డు, నామ్ ప్లా, ఏదీ వేయొద్దు అని. మా అత్తగారి పర్సులో ఆ కాగితం లామినేట్ చేసి ఇప్పటికీ ఉంది.

బొప్పాయి సలాడ్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే చూస్తే పూర్తి శాకాహారంలా కనిపిస్తుంది. సోమ్ తామ్ అంటారు. మా సందు చివర బండి మీద ఒక పెద్దావిడ చేస్తుంది. లోతైన మట్టి రోలు, చెక్క రోకలి. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి రెండు దెబ్బలు వేసి, తాటిబెల్లం, నిమ్మకాయ, టమాటా, వేరుశనగలు వేసి, సన్నగా తరిగిన పచ్చి బొప్పాయి పోసి ఒక చేత్తో దంచుతూ ఇంకో చేత్తో గరిటెతో పైకి తిప్పుతుంది. ఆ చప్పుడు మా అమ్మ రోట్లో దోసకాయ పచ్చడి చేసినట్టే ఉంటుంది. అందులో నామ్ ప్లా, ఎండురొయ్యలు పడతాయి. వేయొద్దంటే ఆవిడ వేయదు. కానీ అదే రోట్లో అంతకుముందు నలుగురికి ఎండురొయ్యలు దంచే ఉంటుంది. అమ్మగారికి ఆ పట్టింపు ఉంటే బండి మీద తినిపించకండి. మనకి తెలిసి వాళ్లకి తెలియకుండా పెట్టడం నాకు ఇష్టం లేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. మామిడిపండు, కొబ్బరిపాలతో జిగురు బియ్యం మాత్రం ధైర్యంగా తినొచ్చు. బండి మీద కోసిచ్చే పళ్లు, లేత కొబ్బరికాయ, కాల్చిన అరటిపళ్లు కూడా. ఉత్త అన్నం కావాలంటే 'ఖావ్ ప్లావ్'. మీరు ఆవకాయ, కందిపొడి, నెయ్యి తెచ్చుకుంటారు కదా, ఒక పూట దానితో గడిచిపోతుంది. పాహురత్ వైపు వెళ్తే పెద్ద గురుద్వారా ఉంది. ఎంఆర్‌టీ సామ్ యోట్ స్టేషన్ నుంచి నడవొచ్చు. అక్కడి భోజనశాల లంగర్‌లో రొట్టె, పప్పు ఎవరికైనా ఉచితంగా పెడతారు, తల మీద గుడ్డ కప్పుకోవాలి. కుళాయి నీళ్లు తాగొద్దు, సీసా నీళ్లు ప్రతి సందు చివరా దొరుకుతాయి.

రెండో రోజు ప్యాలెస్. ఇక్కడే మీరు భయపడ్డ మోసం గురించి చెప్పాలి, అది నాకే జరిగింది. నేను, మావారు వచ్చిన మొదటి నెలలో ఒక ఆదివారం ప్యాలెస్ తెల్లగోడ పక్కన నడుస్తున్నాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఆపి ఎక్కడి నుంచి వచ్చారు, ఇండియానా, బుద్ధుడి దేశం అని చేతులు జోడించాడు. ఇవాళ ప్రత్యేక పూజ ఉంది, ఒంటిగంట దాకా తెరవరు, అంతలో వేరే గుడి చూసి రండి, ఇవాళ టుక్‌టుక్‌లకి, అంటే ఇక్కడి ఆటోలకి, 40 బాత్‌లే అన్నాడు. టుక్‌టుక్ కూడా ఆయనే ఆపాడు. ఒక చిన్న గుడి చూపించారు. అక్కడ ఇంకొకాయన మాటల్లో మాటగా 'ఇవాళే ఆఖరు రోజు, ప్రభుత్వం పన్ను లేకుండా రాళ్లు అమ్ముతోంది' అన్నాడు. తర్వాత రాళ్ల దుకాణం. చిన్న కెంపుల జత కొన్నాను. తెనాలిలో మా కంసాలికి చూపిస్తే పెట్టిన డబ్బులో పదో వంతు కూడా రాదన్నాడు. ఆ రోజు ప్యాలెస్‌కి తిరిగొచ్చేసరికి టికెట్లు ఆపేశారు. లోపల పొద్దుటి నుంచీ తెరిచే ఉందని అప్పుడు తెలిసింది.

ప్యాలెస్ పొద్దున 8:30కి తెరుస్తారు, టికెట్లు మధ్యాహ్నం 3:30 దాకా ఇస్తారు, విదేశీయులకి 500 బాత్‌లు. రాజకుటుంబం కార్యక్రమాలున్న రోజుల్లో తప్ప రోజూ ఉంటుంది. తెరిచారో లేదో టికెట్ కౌంటర్‌కి వెళ్లి మీ కళ్లతో చూడండి. దారిలో ఎవరు ఏం చెప్పినా నవ్వి, నమస్కారం పెట్టి నడుస్తూనే ఉండండి. ఈ ఊళ్లో నిజంగా సాయం చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు మనం అడిగితే చేస్తారు. తమంతట తామే ఆపి ప్లాన్ మార్చేవాళ్ల దగ్గరే జాగ్రత్త. ఇబ్బంది వస్తే టూరిస్ట్ పోలీసు నంబరు 1155, ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. అంబులెన్స్ 1669. రెండూ అమ్మానాన్నల ఫోన్లలో కూడా సేవ్ చేయండి.

ఎంఆర్‌టీ సనామ్ చాయ్ స్టేషన్‌లో దిగి నడవండి, లేదా సఫాన్ తక్సిన్ స్టేషన్ కింద రేవు నుంచి నది మీద పడవలో తా చాంగ్ రేవుకి వెళ్లండి. నారింజ రంగు జెండా ఉన్న పడవ మనిషికి 16 బాత్‌లు. రేవు మెట్ల దగ్గరే వేలల్లో అద్దె పడవ అంటగట్టేవాళ్లు ఉంటారు, వాళ్లని దాటుకుని నారింజ జెండా అని అడగండి. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. మీకు ప్యాంటు, అమ్మగారికి చీర అయితే పమిట భుజాల మీదుగా కప్పుకుంటే చాలు.

లోపలికి వెళ్లగానే అందరూ ప్యాలెస్ ఆవరణలోని గుడిలో ఉన్న పచ్చ బుద్ధుడి వైపు పరుగెడతారు. 66 సెంటీమీటర్ల విగ్రహం, ఎత్తున ఉంటుంది, దూరం నుంచి చూడాలి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం, మూడు కాలాలకి మూడు రకాల బంగారు వస్త్రాలు, వాటిని రాజుగారే స్వయంగా మారుస్తారు. దణ్ణం పెట్టుకుని బయటికి వచ్చి, ఆవరణ చుట్టూ ఉన్న మండపంలోకి వెళ్లండి. అది నీడ, పెద్దవాళ్లకి హాయి. గోడ పొడవునా రామకియన్, అంటే వాళ్ల రామాయణం, 178 చిత్రాల్లో వేసి ఉంటుంది. బ్యాంకాక్‌ని 1782లో రాజధాని చేసిన మొదటి రాముడి కాలంలో మొదలైన చిత్రాలు. అవును, ఇక్కడి రాజుల బిరుదే రాముడు. ఉత్తరం వైపు గుమ్మం నుంచి మొదలుపెట్టి కుడివైపుగా నడిస్తే కథ వరసగా వస్తుంది.

మా అమ్మ అక్కడ రెండు గంటలు నిలబడింది. పది తలల ఆకుపచ్చ మనిషిని చూసి 'వీడేగా' అంది. వాళ్లు థోత్సకన్ అంటారు, మన దశకంఠుడు. ఇక్కడి కథలో సీత ఆయన కూతురే, పుట్టగానే జాతకం బాగాలేదని నీళ్లలో వదిలేస్తే జనకుడికి దొరుకుతుంది. అమ్మకి అది నచ్చలేదు, 'అదెలా' అని వాదించింది. ఒకచోట హనుమంతుడు కొండంత పెరిగి, రాముడు పడుకున్న మంటపాన్ని నోట్లో పెట్టుకుని కాపలా కాస్తుంటాడు. మైరావణుడు నిద్రమందు చల్లి రాముణ్ని ఎత్తుకుపోతాడు. ఆ చిత్రం దగ్గర అమ్మ చిన్నప్పుడు విన్న మైరావణుడి కథంతా, మత్స్యవల్లభుడితో సహా నాకు చెప్పింది. చెప్తుంటే పక్కన తుడుస్తున్న థాయ్ ముసలావిడ చీపురు ఆపి మా వైపే చూస్తూ నిలబడింది. భాష తెలియదు, కానీ అమ్మ చేతులు తిప్పుతుంటే ఏ కథో అర్థమైంది. 'హనుమాన్' అంది. అమ్మ తలూపింది. ఇంత దూరం వచ్చి ఈ గోడ చూడకుండా 20 నిమిషాల్లో బయటికి తీసుకొచ్చే టూర్లంటే నాకు నిజంగా బాధ. మీరు మాత్రం అమ్మగారికి టైమివ్వండి.

పదకొండు దాటాక దగ్గర్లోనే ఉన్న వాట్ ఫో గుడికి వెళ్తారో లేదో నాన్నగారి ఓపిక చూసి తేల్చుకోండి. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు, పాదాల మీద ముత్యపు చిప్పతో 108 శుభచిహ్నాలు. వెనక గోడ వెంట 108 కంచు గిన్నెలు. చిల్లర కొనుక్కుని ఒక్కో గిన్నెలో ఒక్కో నాణెం వేసుకుంటూ వెళ్తారు. కష్టం అనిపిస్తే మూడో రోజు పొద్దున్నకి వాయిదా వేయండి. ఆ రోజు వాట్ ఫో అయ్యాక తా తియన్ రేవు నుంచి చిన్న పడవ దాటితే అవతలి ఒడ్డున వాట్ అరుణ్, మన సూర్యుడి సారథి అరుణుడి పేరే. గోపురం నిండా పింగాణీ ముక్కలు పొదిగి ఉంటాయి. మెట్లు బాగా నిటారు, పెద్దవాళ్లు కిందనుంచే చూస్తే చాలు.

చెప్పులు విడవడం మనకి కొత్త కాదు. బుద్ధుడి వైపు కాళ్లు చాపి కూర్చోవద్దు, పిల్లలు ముద్దొచ్చినా తల నిమరొద్దు, ఆడవాళ్లు భిక్షువుల్ని తాకకూడదు. ఈ-సిగరెట్ ఇక్కడ నిషేధం, మీకు అలవాటుంటే ఇంట్లోనే వదిలేయండి.

హోటల్ బుక్ అయ్యాక ఏ స్టేషన్ దగ్గరో ఇక్కడే రాయండి. అక్కడి నుంచి సనామ్ చాయ్‌కి ఎక్కడ మారాలో, లిఫ్ట్ ఏ వైపు ఉందో, అమ్మగారికి పప్పన్నం ఎక్కడ దొరుకుతుందో చెప్తాను. నాన్నగారు రోజూ వేసుకునే మందులుంటే డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టండి, లగేజీలో వేయొద్దు.